సిరిసిల్ల అంబాసిడర్‌లో కాలిన మూడు కిట్లు

కోరుట్లలో మెట్‌పల్లి రోడ్డు మీద నలభై ఏళ్లకు పైగా బండ్ల కరెంటు పని చేశాను. లారీలు, జీపులు, ట్రాక్టర్లు, కార్లు, చివరికి పెళ్లి ఊరేగింపు జనరేటర్లు కూడా నా చేతి మీదుగా పోయినవే. గొప్పలు చెప్పుకోవడం నాకు రాదని ఎవరైనా అంటే నమ్మకండి. బాగానే వచ్చు. చెప్పుకోవడానికి తగ్గ పని చేశాను గనక చెప్పుకుంటాను. జగిత్యాలలో ఇద్దరు ముగ్గురు చూసి చేతులెత్తేసిన బండ్లు తాడు కట్టుకుని నా దగ్గరికి వచ్చేవి, తాడు లేకుండా తిరిగి పోయేవి.

దుకాణం ఇచ్చేసి రెండేళ్లయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు కనిపించినప్పుడల్లా "ఉస్తాద్, మీ అనుభవాలు రాయున్రి" అంటున్నారు. బాగుచేసిన బండ్ల గురించి రాస్తే లావు పుస్తకం అవుతుంది, చదివేవాళ్లకు నిద్ర వస్తుంది. అందుకని నేను చెడగొట్టిన ఒక్క కారు గురించి రాస్తాను. దాన్ని నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

మా షెడ్డులో ఇద్దరం ఉండేవాళ్లం. కరెంటు పని నాది, ఇంజను పని నా జోడీదారుది. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. నమాజు వేళ తప్ప మిగతా సమయమంతా నాతో గొడవ పడేవాడు. ఇంజను అందుకోకపోతే "నీ కరెంటు దొంగది" అని ఆయన, "నీ కార్బొరేటరు దొంగది" అని నేను. ముప్పై ఏళ్లు ఇదే వరస. ఆయన రాని రోజు నాకు పని మీద మనసు నిలిచేది కాదు. ఆ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటాడు.

ఇక కారు సంగతి. అది తెల్ల అంబాసిడర్, పాత పెట్రోలు బండి. సిరిసిల్లలో నలభై సాంచాలు నడిపే ఒకావిడది. సాంచాలంటే మరమగ్గాలే, కాని ఆ ఊళ్లో మరమగ్గం అన్నవాణ్ని బయటివాడని పట్టేస్తారు. కారు ఆమె భర్త ముచ్చటపడి కొన్నది. ఆయన పోయాక సాంచాల పెత్తనం ఆమె చేతికి వచ్చింది. ఇంట్లోకి కొత్త కారు వచ్చినా పాతదాన్ని అమ్మనివ్వలేదు. సోమవారం సోమవారం వేములవాడ గుడికి అంబాసిడర్‌లోనే పోయేది.

ఆ బండి డ్రైవరుది బోయినపల్లి. యాభై దాటిన మనిషి, ఇరవై ఆరేళ్ల నుంచి ఆ ఇంట్లోనే ఉన్నాడు. మాట తక్కువ. కారు డోరు వేసేటప్పుడు అందరిలా దబ్బుమని కొట్టేవాడు కాదు, అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కేవాడు. అంత నెమ్మది చూస్తే నాకు కొంచెం చిరాకు కూడా వేసేది. మా షెడ్డులో నిమ్మళంగా చేసే పని ఏదీ ఉండేది కాదు మరి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. పెట్రోలు ఇంజనులో పెట్రోలు దానంతట అది అంటుకోదు, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడాలి. పాత కార్లలో ఆ రవ్వకు మూలం మేం ప్లాటినం అని పిలిచే రెండు చిన్న లోహపు ముక్కలు. అవి తాకుతూ విడిపోతూ ఉంటే కాయిలు నుంచి కరెంటు ఎగిరి ప్లగ్గుకు పోతుంది. ఆ ముక్కలు అరుగుతాయి, గరుకెక్కుతాయి, వాటిని గీకాలి, సందు సరిచూడాలి. ఈ మధ్య మంచివి దొరకడమే మానేశాయి. వాటి బదులు ఎలక్ట్రానిక్ కిట్టు వచ్చింది. అగ్గిపెట్టెంత డబ్బా, రెండు వైర్లు. అరిగేది లేదు, గీకేది లేదు. ఆవిడ కారుకు అదే పెట్టమని నేనే సలహా ఇచ్చాను. హైదరాబాదు నుంచి బస్సు కార్గోలో తెప్పించి బిగించాను.

బిగించాక కరెంటు చూశాను. మా కాలం మేస్త్రీలందరికీ ఇది అలవాటు. ఇంజను నడుస్తుండగానే ఒక ప్లగ్గు వైరు పీకి, ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుంటాం. టక్కు టక్కుమని నీలం రవ్వ దూకుతుంది. రవ్వ ఎంత దూరం దూకితే కరెంటు అంత బలం ఉన్నట్టు. మిగతావాళ్లు గోరంత దూరంలో చూసి సరిపెట్టుకునేవాళ్లు. నేను వైరును మెల్లగా వెనక్కి లాగుతూ బొటనవేలంత దూరం దూకించేవాణ్ని, ఇంకా లాగి రవ్వ తెగిపోయేదాకా చూపించేవాణ్ని. చాయ్ హోటలు దగ్గర నిలబడ్డవాళ్లు గ్లాసులు పట్టుకుని వచ్చి చూసేవాళ్లు. చాలామందికి షాకు కొట్టి చెయ్యి విదిలించుకునే పని అది. నాకు కొట్టేది కాదు, కొట్టినా మొహంలో కనపడనిచ్చేవాణ్ని కాదు.

అంబాసిడర్‌కు ఆ రోజు మంచి రవ్వ వచ్చింది. జనం బాగుందన్నారు. డ్రైవరు మాత్రం చూడకుండా స్టీరింగు తుడుచుకుంటున్నాడు.

రెండు నెలలకు కారు రుద్రంగి దాటాక రోడ్డు మీద ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి తెచ్చారు. చూస్తే కిట్టు చచ్చిపోయింది. కొత్త సామానులో ఒకటి రెండు పాడువి వస్తూనే ఉంటాయి. రెండోది పెట్టాను, కరెంటు చూశాను, పంపించాను. అది మూడు వారాలకే పోయింది. ఈసారి గుడి నుంచి తిరిగి వస్తుంటే ఆగింది. ఎండలో ఆవిడ గంటసేపు రోడ్డు పక్కన నిలబడింది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. కారు మీద కాదు, నా పని మీద అనుమానం పడే పరిస్థితి వచ్చినందుకు. కాయిలు చూశాను, బాగుంది. ఎర్తు చూశాను, బాగుంది. బ్యాటరీకి ఎక్కే కరెంటు చూశాను, ఎక్కువా లేదు తక్కువా లేదు. అన్నీ బాగుంటే కిట్టు ఎందుకు చస్తుంది? అటూ ఇటూ చూస్తుంటే డిస్ట్రిబ్యూటరు మీద తెల్లటి నీటి మరకలు కనిపించాయి. దొరికింది అనుకున్నాను.

"బండి ఎన్ని రోజులకోపారి కడుగుతవ్?" అని డ్రైవరును అడిగాను.

"సోమారం సోమారం కడుగుత ఉస్తాద్, అమ్మ గుడికి వోతది గదా."

"ఇంజన్ల నీళ్లు గొడుతున్నవా?"

"లేదు. ఇంజను మీద ప్లాస్టిక్ పట్ట గప్పి కడుగుత. లోపట తడిబట్టతోని తుడుస్త."

"పట్ట సందుల కెల్లి నీళ్లు వోవా? నాకు జెప్తున్నవా నువ్వు?"

ఆయన ఇంకేం అనలేదు. తప్పు లేనివాడైతే గట్టిగా అరిచేవాడు కదా అనుకున్నాను. ఆయన ముందే ఆవిడకు ఫోను చేశాను.

"అక్కా, కిట్లు మంచియే. మీ డ్రైవరు ఇంజన్ల నీళ్లు గొడుతున్నడు."

"ఆయన గట్ల జెయ్యడు అన్నా. బండిని పసిపిల్లను చూసినట్టు చూసుకుంటడు."

"నలభై ఏండ్ల సంది చూస్తున్న అక్కా, నీటి మరక నాకు తెల్వదా? నా మాట రాసి పెట్టుకోన్రి. ఆయన చెయ్యి వడ్డన్ని రోజులు కిట్టు బతుకది."

 ఫోనులో దూరంగా సాంచాల హోరు వినిపించింది. తర్వాత "సరే అన్నా" అని పెట్టేసింది. డ్రైవరు పక్కనే నిలబడి అంతా విన్నాడు. మూడో కిట్టు బిగించి, కరెంటు చూసి ఇస్తే తాళం తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు కూడా డోరు మెల్లగానే వేశాడు.

వారం తర్వాత తెలిసింది, ఆవిడ ఆయన్ను పనిలోంచి తీసేసిందని. ఒకడు చెబితే బాధపడ్డట్టు తల ఊపాను కాని, నిజం చెప్పాలంటే లోపల బాధేం లేదు. రోగం పట్టుకున్నాను, మందు పడింది అనుకున్నాను. అంతే.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోను.

"అన్నా, బండి మల్ల ఆగిపోయింది."

"ఎవలు నడిపిన్రు అక్కా?"

"మా అల్లుడు. బానెట్ ఎట్ల లేపాల్నో సుత ఆయనకు తెల్వది. ఈ నెల రోజుల్ల బండిని ఎవలు కడుగలే, దుమ్ముతోనే ఉన్నది. డ్రైవరు ఇంటికి వోయి నెల దాటె. మరి ఇప్పుడు నీళ్లు గొట్టిందెవలు అన్నా?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.  కొత్త కిట్టు తెప్పించి నేనే సిరిసిల్లకు వస్తానని చెప్పాను. ఫోను పెట్టాక నా జోడీదారు "ఏమైంది భాయ్, మొహం గట్ల వెట్టినవ్?" అన్నాడు. ఏం లేదన్నాను.

కిట్టు వచ్చేలోపు ఇబ్రహీంపట్నం నుంచి ఒక పాత పెట్రోలు జీపు హెడ్‌లైటు పనికి వచ్చింది. దాని యజమాని పద్దెనిమిదేళ్లు దుబాయిలో ఉండి వచ్చి పసుపు పండిస్తున్నాడు. షోకుకు కొన్న జీపు, కాని చేలో ట్రాక్టరు చేసే పనంతా దానితోనే చేయిస్తాడు. ఏడాది కింద దానికి కూడా ఇదే కిట్టు పెట్టాం. మేం ఆ కిట్టు పెట్టినవి ఈ జీపు, ఆ అంబాసిడర్, రెండే. బానెట్ లేపితే ఇంజను తళతళలాడుతోంది. ఎక్కడా పసుపు దుమ్ము లేదు.

"గింత సాఫ్ ఎట్లున్నదయ్యా ఇంజను?" అన్నాను.

"బోరు పైపు వెట్టి గొడుత గద ఉస్తాద్. పసుపు దుమ్ము పట్టిందంటే ఊకె పోతదా?"

"ఇంజన్ల నీళ్లు గొడుతవా? నేరుగ?"

"ఆఁ, నేరుగనే. కొట్టినంక ఎండల నిలవెడుత. ఏం, గొట్టద్దా?"

పోయి స్టూలు మీద కూర్చున్నాను. బోరు నీళ్లు నేరుగా కొట్టిన కిట్టు ఏడాది బతికింది. పట్ట కప్పి తడిబట్టతో తుడిచిన కిట్లు రెండు చచ్చాయి, నెల రోజులు కడగని మూడోదీ చచ్చింది. నేను చూసిన మరకలు ఆ తడిబట్టవే. నీళ్ల కథ నీళ్లలోనే కలిసిపోయింది. మరి తేడా ఏమిటి? అదే కంపెనీ, అదే డబ్బా, అదే చెయ్యి.

ఈ మాట పైకే అన్నట్టున్నాను, నా జోడీదారు స్పానరు కింద పెట్టి వచ్చాడు.

"అదే చెయ్యి కాదు భాయ్."

"ఏంది?"

"గీ జీపుకు కిట్టు వెట్టింది నేను. గప్పుడు నువ్వు బండి మీదకెల్లి వడి చెయ్యి ఇరుగగొట్టుకొని మెడకు ఏలాడేసుకున్నవ్. కుర్చీల కూసొని నువ్వు చెప్తుంటే నేను బిగించిన. యాదికి లేదా?"

"యాదికున్నది. అయితే?"

"అయితే ఏంది? బిగించిన, స్టార్ట్ జేసిన, పంపించిన. నీ పటాకుల తమాషా జెయ్యలే. నాకు గది చేతగాదు, షాకు గొడ్తది."

అంతే అన్నాడు, మళ్లీ స్పానరు తీసుకుని పోయాడు. ఆయన దాన్ని ఎగతాళిగానే అన్నాడు. నాకు మాత్రం మూడు కిట్లకూ మూడుసార్లు నేను వైరు పీకి పట్టుకున్నది గుర్తొచ్చింది.

మర్నాడు కార్గోలో కొత్త కిట్టు వచ్చింది. డబ్బాలో ఒక మడత కాగితం ఉంటుంది. అంతకుముందు మూడు డబ్బాల్లోనూ ఉంది. వాటి మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాను. నలభై ఏళ్లలో ఏ సామాను కాగితం చదివాను గనక ఇది చదవాలి? మేస్త్రీకి కాగితం చూపించడమంటే వంటమనిషికి ఉప్పు ఎంతో చెప్పినట్టని నా లెక్క. ఆ రోజు విప్పాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. దాని అవసరం కూడా పడలేదు. మూడో పేజీలో బొమ్మ ఉంది. ఒక చెయ్యి ప్లగ్గు వైరు పీకి దూరంగా పట్టుకుంది, మధ్యలో రవ్వ. దాని మీద అడ్డంగా ఎర్ర గీతలు రెండు కొట్టారు. ఆ చేతికి నా వాచీ ఒక్కటే తక్కువ.

తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ప్లాటినం మొరటుది, ఎంత దూరం రవ్వ దూకించినా తట్టుకుంటుంది. కిట్టులో ఉండేది చాలా సున్నితమైన ముక్క. వైరు దూరంగా లాగితే కాయిలులో పుట్టిన కరెంటుకు బయటికి దారి దొరకదు. అది వెనక్కి తిరిగి కిట్టునే కొడుతుంది. అందులో దుర్మార్గం ఏమిటంటే కిట్టు అప్పటికప్పుడు చావదు. లోపల దెబ్బ తిని, మంచిదానిలా ఇంటికి పోయి, కొన్ని రోజులు నడిచి, ఎక్కడో రోడ్డు మీద చస్తుంది. నేను చంపిన కిట్లు నా షెడ్డులో చచ్చి ఉంటే మొదటిరోజే తెలిసిపోయేది. మొదటి రెండూ డ్రైవరు చేతిలో చచ్చాయి గనక డ్రైవరు తప్పయింది.

మా నాయన గొల్లపల్లిలో ఒక పెద్దరైతు దగ్గర జీతం ఉండేవాడు. గొడ్డు కాలు విరిగినా, మోట తాడు తెగినా, ఎవరు చేసినా తప్పు జీతగాడిదే. నాయన ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు, ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచేవాడు. ఎదురు మాట్లాడనివాడు తప్పు చేసినవాడు కాదని నాకు అందరికంటే ముందు తెలియాలి. తెలిసి కూడా ఆ డ్రైవరు మౌనం చూసి దొంగ అనుకున్నాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

నా జోడీదారుకు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"భాయ్, కంపెనీ మాల్ ఖరాబ్ అచ్చిందని చెప్పు. కంపెనోడు అచ్చి అడుగుతడా? గా అమ్మ డ్రైవరును మల్ల వెట్టుకుంటది, నీ ఇజ్జత్ నీకుంటది. ఎవలికి నష్టం?"

చెడ్డ సలహా అనలేను. నా మీద ప్రేమతో చెప్పిందే. నాకూ నచ్చింది. వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో దిగేదాకా ఆ మాటనే తిప్పి తిప్పి చదువుకున్నాను. కంపెనీ మాల్ అక్కా, మనమేం చేస్తాం అని.

ఆవిడ సాంచాల షెడ్డులో ఉంది. నలభై సాంచాలు నడుస్తున్న షెడ్డులోకి ఎప్పుడైనా పోయారా? మాట కాదు, కేక కూడా వినపడదు. లోపలివాళ్లు సైగలతో మాట్లాడుకుంటారు. నేను వెళ్లి ఆమె చెవి దగ్గర "కంపెనీ..." అని మొదలుపెట్టాను. వినపడలేదని చెయ్యి ఊపింది. ఇంకా గట్టిగా అరిచాను. మళ్లీ ఊపింది. బయటికి పోదామని నేను సైగ చేసేలోపే ఆమె వెనక్కి తిరిగి, చెయ్యి పైకెత్తి గాలిలో పిడికిలి బిగించింది. కరెంటు ఉండగా సాంచాలు ఆపరు. ఆమె ఆపించింది. ఒక్కొక్క సాంచా ఆగుతూ వచ్చి చివరికి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. పనివాళ్లందరూ ఇటు తిరిగి నిలబడ్డారు.

"ఇగ చెప్పన్నా," అంది.

ఎవరో వెనక నుంచి మెల్లగానే అన్నాడు. కాని ఆ నిశ్శబ్దంలో బాగా వినిపించింది. "ఏంది, గా నీళ్లు గొట్టిన డ్రైవరు ముచ్చటేనా?"

అయితే ఇక్కడ ఆయన పేరే అదైపోయిందన్నమాట. ఒక్క క్షణంలో నాకు లెక్క తేలిపోయింది. కంపెనీ మాల్ అంటే సగం మంది నమ్ముతారు. మిగతా సగం మంది నవ్వుకుని తప్పును డ్రైవరు మీదే ఉంచుతారు. నేనే చెడగొట్టానంటే ఎవరికీ ఏ అనుమానం మిగలదు. నా మాటకున్న విలువతోనే ఆయన్ను ముంచాను, పైకి తియ్యాలన్నా ఆ విలువే ఖర్చు పెట్టాలి.

"డ్రైవరు నీళ్లు గొట్టలే అక్కా," అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "మూడు కిట్లు సుత నేనే కాలవెట్టిన. కరెంటు చూస్త అని వైరు పీకి పట్టుకుంటి. గా పని ఈ కిట్టుకు చెయ్యద్దు. కాయిదం మీద రాసున్నది, నేను చదువలే. ఆయన తప్పు ఒక్కటి లేదు. తప్పంత నాదే."

 ఆవిడ పక్కనున్న సాంచా మీద చెయ్యి ఆనించుకుంది.

"ఇరవై ఆరేండ్లు నా ఇంట్ల అన్నం దిన్న మనిషి," అంది. "నీ ఒక్క ఫోనుకు పంపిచ్చిన. నువ్వు చెప్తివి సరే. నేను సుత ఆయన్ను కూసొవెట్టి ఒక్క మాట అడుగకపోతి."  వెంటనే పనివాళ్ల మీద పడింది. "ఏం చూస్తున్రు, నడిపియ్యున్రి." సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. నా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి కారు చూపించింది. "బాగుచెయ్యి. బోయినపల్లి పోదాం."

కిట్టు బిగించడానికి అరగంట పట్టింది. సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకుంది. నా వేళ్లు ప్లగ్గు వైరు మీదికి వాటంతట అవే పోయాయంటే నమ్ముతారా? నలభై ఏళ్ల అలవాటు. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. దుకాణం ఇచ్చేసేదాకా మళ్లీ ఎవరి బండికీ ఆ పని చెయ్యలేదు. చాయ్ హోటలువాళ్లు "ఉస్తాద్‌కు వయసు మీద వడ్డది, షాకుకు భయవడుతున్నడు" అన్నారు. అననిచ్చాను. ఆ నాలుగో కిట్టు ఇవాళ్టికీ నడుస్తోంది.

కారు నేను నడిపాను, ఆవిడ వెనక కూర్చుంది.  డ్రైవరు ఇంట్లో లేడు. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఉన్నాడని ఇంటివాళ్లు చెప్పారు. అక్కడికి పోతే కుప్పల మధ్య కూర్చుని దబ్బనంతో గోనె సంచుల మూతులు కుడుతున్నాడు. ఒళ్లంతా వడ్ల దుమ్ము. ఊళ్లో ఎవరైనా ట్రాక్టరు నడపడానికి పిలిచారా అని అంతకుముందే ఇంటి దగ్గర అడిగాను. "ఇంజన్ల నీళ్లు గొట్టెటోనికి బండెవలిస్తరు సార్?" అంది ఆయన భార్య.

అంబాసిడర్ చప్పుడు విని ఆయన తలెత్తాడు. మనుషుల్ని చూడకముందే కారును చూశాడు. ఆవిడ దిగి కుప్పల మధ్య నుంచి నడుచుకుంటూ ఆయన దగ్గరికి పోయింది. నేను వెనకే పోయాను.

"తమ్మీ, తప్పయింది. పా, ఇంటికి పోదాం," అంది.

ఆయన దబ్బనం సంచికి గుచ్చి లేచి నిలబడ్డాడు. ఏం జరిగిందో అర్థం కాక ఆమె వైపు, నా వైపు చూస్తున్నాడు. అప్పుడు నేను చెప్పాను. షెడ్డులో చెప్పిందే మళ్లీ మొదటి నుంచి చెప్పాను. హమాలీలు నలుగురు మూటలు దించుకుని విన్నారు. వినాలనే కొంచెం గట్టిగా చెప్పాను.  అయిపోయాక ఆయన కుళాయి దగ్గర చేతులు, మొహం కడుక్కుని వచ్చి, తువ్వాలతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుని, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన సీటు ముందుకు జరుపుకున్నాడు, అద్దం సరిచేసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఉస్తాద్, నా భార్య సుత అడిగింది, నిజంగ గొట్టినవా అని. గొట్టలేదని చెప్పిన. చెప్పినంక నాకే అనుమానమయ్యింది. ఎన్నడన్న యాదిమరిచి ఇన్ని నీళ్లు గొట్టిన్నా ఏందని మస్తుసార్లు ఆలోచించిన." ఆయన గొంతులో కోపం లేదు. "నువ్వు పనిల మోసం లేని మనిషివి గదా. నువ్వు అన్నవంటే ఉత్తగ అనవు, నేనే ఎక్కడనో గొట్టుంట అనుకున్న."

తాళం తిప్పాడు. ఒక్క సెల్ఫుకే ఇంజను అందుకుంది.